చిన్న చెల్లెండ్లకు కథల గంట



ప్రతి సంవత్సరం నవంబరు 14 నుండి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఈసారి మన హాస్టల్లో మూడో తరగతి చెల్లెండ్లకు గ్రంథాలయం మీద ఒక కథల గంట పెడితే బాగుంటుంది. అది ఎట్లా చేయాలో రాస్తున్నాను.

గ్రంథాలయం అంటే: అది పుస్తకాలు దాచే చోటు కాదు, చదివే చోటు. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయాలకు ఐదు సూత్రాలు రాశారు. పుస్తకాలు వాడుకోవడానికే అన్నది అందులో మొదటిది. నేను మొదట చదివిన బడిలో బీరువాకు ఎప్పుడూ తాళమే. చినుగుతాయని ఇయ్యలేదు. అద్దంలో నుంచి అట్టల మీది బొమ్మలు చూసేదాన్ని.

మన దగ్గరి చరిత్ర: హసన్‌పర్తికి దగ్గర్లోని హనుమకొండలో 1904లో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం పెట్టారు. అప్పుడు నిజాం రాజ్యం. సర్కారు భాష ఉర్దూ. అందుకే తెలుగువాళ్ళు తమ భాషలో చదువుకోవడానికి గ్రంథాలయం పెట్టుకున్నారు. ఎవరికైనా ముందు తమ మాటలో వింటేనే మనసుకు ఎక్కుతది. ఈ సంగతి నాకు ఒక తప్పు చేసినాక బాగా అర్థమైంది.

నేను చేసిన తప్పు: పోయిన ఆదివారం నలుగురు చెల్లెండ్లను కూసోబెట్టి పడవ గ్రంథాలయం కథ చెప్పాను. ఇది నిజంగా జరిగింది. 1935లో కృష్ణా డెల్టా కాలువల మీద పడవలో పుస్తకాలు పెట్టుకొని ఊర్లకు తీసుకపోయేటోళ్ళు. నేను కాగితం చూసి పాఠం లెక్క గబగబా చదివాను. ఒక పిల్ల ఆవులించింది. ఇంకో పిల్ల జడ విప్పి మళ్ళీ అల్లుకుంది. అందరికన్నా చిన్నది మా కోయ మాటలో, "కాలువ అంటే ఏందక్కా?" అన్నది. కాలువ తెలియకపోతే పడవ ఎట్లా కనబడుతది? మూడో తరగతిలో నేనూ అట్లనే ఏమీ తెలియక కూసున్నాను. కాని అడిగే ధైర్యం లేకుండె.

మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. కోయలో ఏరు అంటే నీళ్ళు. తెలుగులో ఏరు అంటే వాగు. "ఏరు మీద పడవ వస్తున్నది. పడవ నిండ పుస్తకాలే" అన్నాను. ఆ చిన్నది లేచి నిలబడి, "మా ఊరికి కూడా వస్తదా?" అని అడిగింది.

చేయవలసిన పద్ధతి (40 నిమిషాలు):

1. ఆదివారం పొద్దున టిఫిన్ అయినాక పెట్టాలి. మధ్యాహ్నం అన్నం తిన్నాక అయితే నిద్రపోతారు. 20 మందికి మించకుండా అర్ధచంద్రం లెక్క కూసోబెట్టాలి.

2. మొదటి 5 నిమిషాలు: చేతులు కడుక్కోవాలి. పేజీ మూల మడవొద్దు, ఉమ్మి తడితో తిప్పొద్దు అని చేసి చూపాలి.

3. తరువాత 15 నిమిషాలు కథ. మన డోలి కోయలు పడిగె గుడ్డ మీది బొమ్మలు చూపుతూ, డోలు కొడుతూ ఇలవేల్పుల కథ చెబుతారు కదా! మనమూ పాత చార్టు మీద పడవ, కాలువ గీసి చూపాలి. బొమ్మ పిల్లల వైపు ఉండాలి, మన వైపు కాదు.

4. కోయ, లంబాడి మాట వచ్చిన అక్కలు పక్కన ఉండాలి. కష్టమైన మాటలు ముందే వాళ్ళ భాషలో చెప్పాలి. కథ అయినాక అవే మాటలు తెలుగులో అనిపించాలి.

5. చివరి 20 నిమిషాలు: పుస్తకాలు చాప మీద పరచాలి. ఎవరికి నచ్చింది వాళ్ళు తీసుకోవాలి. రిజిస్టరులో పేరు వాళ్ళే రాయాలి. ఎంత వంకరగా రాసినా మనం రాసి పెట్టొద్దు. మా అమ్మ సంఘం పుస్తకంలో ఇప్పటికీ వేలిముద్ర వేస్తది. నేను మొదటిసారి రిజిస్టరులో నా పేరు రాసినప్పుడు చాలాసేపు దాన్నే చూశాను.

మేడం గారూ, ఆ ఒక్క గంట బీరువా తాళంచెవి మాకు ఇవ్వండి. పుస్తకం చినిగితే జిగురు పెట్టి మేమే అతికిస్తాం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని