గల్లీకి పెద్ద దుకాణం వస్తే?

జవహర్‌నగర్‌లో ఒక గల్లీ. సాయంత్రం వేళ. ఆడవాళ్లు నల్లా దగ్గర బిందెలు పెట్టి కూర్చున్నారు. రోడ్డు మీద సూపర్ మార్కెట్ పెడతారట. అదే మాట నడుస్తోంది.

"రానీ వదినా! ధర అట్ట మీదనే ఉంటది. తూకం అచ్చేసి ఉంటది. మా పిల్లకు పని కూడ దొరకొచ్చు" అంది బట్టలు కుట్టే ఆమె.

"మరి నా గంప గతేంది బిడ్డా?" అంది కూరగాయలమ్మే అవ్వ. "వాళ్లకు చల్లటి పెట్టెలుంటయి. నాకు తడి గోనెసంచే ఉంది. సాయంత్రానికి ఆకుకూర వాడిపోతది."

"మా ఆయన జ్వరంతో పడుకుంటే పది దినాలు ఉద్దెర ఇచ్చింది కిరాణా అన్ననే. పెద్ద దుకాణంల ఎవరిస్తరు?" అంది కూలిపని చేసే అక్క.

"ఉద్దెర ఊరికే ఇస్తడా?" అంది ఇంకొకామె. "పోయిన నెల నా లెక్కల సబ్బు రెండుసార్లు రాసిండు. ఇప్పుడు నాకు చదువొచ్చు కద! చూపిస్తే కొట్టేసిండు."

బట్టలు కుట్టే ఆమె పలక తీసింది.

"పప్పు పావుకిలో 40 రూపాయలు అనుకుందాం. నాలుగుసార్లు కొంటే 160. కిలో ఒక్కసారే కొంటే 150. పది రూపాయలు మిగులుతయి."

"150 ఒక్కసారి చేతిల ఉంటే కద చెల్లె!" అంది కూలిపని అక్క. అందరూ ఊరుకున్నారు.

ఈ వాదన కొత్తది కాదు. 2006లో హైదరాబాద్‌లో రిలయన్స్ ఫ్రెష్ దుకాణాలు మొదలయ్యాయి. 2007లో రాంచీలో కూరగాయల వ్యాపారులు అలాంటి దుకాణాలను ఎదిరించారు. మన దగ్గర 1999లో రైతు బజార్లు వచ్చాయి. అక్కడ రైతులే తమ కూరగాయలను నేరుగా అమ్ముకుంటారు.

గంప పెట్టుకున్నవాళ్లకు కూడా చట్టం ఉంది. అది 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం. దాని ప్రకారం పట్టణంలో కమిటీ ఉండాలి. అందులో నూటికి 40 మందికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలి. వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ముందు వ్యాపారుల లెక్క తీయాలి, పత్రాలు ఇవ్వాలి. అంతవరకు ఎవరినీ లేపకూడదు.

ఇదంతా విని అవ్వ అంది: "దుకాణం వస్తదో రాదో నాకు తెల్వదు. నా పేరు ఆ లెక్కల ఉందో లేదో చూడాలె. రేపు నా ఎంట ఎవరొస్తరు?"

ముగ్గురు చేతులెత్తారు.

ఆలోచించండి

1. మీ గల్లీకి పెద్ద దుకాణం వస్తే ఎవరికి లాభం? ఎవరికి నష్టం?
2. మీ ఉద్దెర పుస్తకం మీరే చదువుతున్నారా?

చేసి చూడండి

ఇంట్లో ఉన్న ఒక పొట్లం తీసుకోండి. దాని మీద ధర, తూకం, తయారైన నెల చదవండి. పలక మీద రాయండి. అచ్చేసిన ధరకన్నా ఎక్కువ అడిగితే ఇవ్వకండి.