దేవరకొండ కోటయు ఉజ్జియా దుర్గములును

చదువవలసిన భాగము: 2 దినవృత్తాంతములు 26వ అధ్యాయము.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపుల నుండి దేవరకొండ కోట చూడబోవువారు వేసవిలో పోకుండుట మేలు. పోయినయెడల నీళ్లు వెంట తీసికొనిపోవలెను. సాగరు ఎడమ కాలువ క్రింది వరిపొలములు వెనుకబడిన తరువాత మెట్టనేలయు రాతిగుట్టలును వచ్చును. ఆ గుట్టలను చుట్టుకొని కోటగోడ యున్నది. లోపల ద్వారము తరువాత ద్వారము, బావులు, కోనేళ్లు, ధాన్యపు కొట్లు. కూలిన చోట్ల ముళ్లపొదలే కాపురమున్నవి.

పదునాలుగవ శతాబ్దమున రేచర్ల పద్మనాయకులలో అనపోతానాయడు రాచకొండను, అతని తమ్ముడు మాదానాయడు దేవరకొండను ఏలిరి. ఇది సరిహద్దు కోట. కృష్ణ కావల విజయనగరము, తూర్పున కొండవీటి రెడ్లు, పడమట బహమనీ సుల్తానులు. 1459 ప్రాంతమున బహమనీ సేన దీనిని ముట్టడించినప్పుడు లోపలనున్న లింగమనాయడు గోడను మాత్రమే నమ్ముకొని కూర్చుండలేదు. గజపతి కపిలేశ్వరునికి కబురు పంపెను. అతని కుమారుడు హంవీరుడు దండుతో వచ్చెను. వెలుపల నుండి వారు, లోపల నుండి వీరు పైబడగా ముట్టడివారు నడుమ చిక్కి ఓడిపోయిరి.

యూదా దక్షిణ సరిహద్దు మనకంటె ఎండిన దేశము. అక్కడి అరాదు కోటను యోహానాను అహరోని అను పండితుడు 1962 మొదలు 1967 వరకు త్రవ్వించెను. ఇంచుమించు 50 మీటర్ల చదరము, అంతే. నీళ్లు దిగువ బావి నుండి మోసి తెచ్చి కాలువలో పోయగా, అవి గోడ క్రిందుగా లోపలి తొట్లలోనికి పోయెడివి. అక్కడ సిరాతో వ్రాసిన కుండపెంకులు దొరకినవి. అనేకము ఎల్యాషీబు అను అధికారికి వచ్చిన ఉత్తరములు. ఒక పెంకు మీద, ఎదోమీయులు రాకమునుపే వేరొక ఊరికి మనుష్యులను పంపవలెనను ఆజ్ఞ యున్నది. తన కోటకే మనుష్యులు చాలనివాడు పొరుగు కోటకు పంపవలసి వచ్చెనేమో!

మన పల్లెలలో బోరు ఎండిన రైతు అప్పు సంగతి ఇంటివారికైన చెప్పక లోలోపల క్రుంగుట మనమెరుగుదుము. అడుగుట చిన్నతనమని అతడు తలంచును. అడుగనిదే మనమేల పోవలెనని మనము తలంచుదుము. ఆదివారము అందరము ఒకే చాపమీద కూర్చుందుము.

ఉజ్జియా అరణ్యములో దుర్గములు కట్టించెను, బావులు అనేకము త్రవ్వించెను. వ్యవసాయమనిన అతనికి ప్రీతి. అట్టివాడు కడపట కుష్ఠరోగియై ప్రత్యేకమైన యింటిలో నివసించెను, కుమారుడైన యోతాము రాజ్యభారము వహించెను. గోడలు పడిపోలేదు, శత్రువు రాలేదు. మరి ఏమి జరిగెను? 15వ వచనము చివరిమాటను, 16వ వచనము మొదటిమాటను ప్రక్కప్రక్కన పెట్టి ఇంటివారితో చదువుడి.