బరువుల వ్యాయామము - రక్తప్రసరణము - పురుషారోగ్యము

మన తెలంగాణములో మల్లవిద్య నేర్చు స్థలమును తాలీం అందురు. ఉర్దూలో ఆ పదమునకు విద్య అని అర్థము. దేహబలమును సాధించుట కూడ ఒక విద్యయేయని పెద్దలు తలచినట్లు ఆ పేరే తెలుపుచున్నది. 2016లో జిల్లా కేంద్రములైన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణముల యువకులు నేడు జిమ్ములకు పోవుచున్నారు. బరువులెత్తినచో పురుషత్వము పెరుగునని కొందరు, తరుగునని కొందరు చెప్పుచుందురు. సిగ్గుచే పలువురు అడుగజాలని ఈ ప్రశ్నను శాస్త్రదృష్టితో పరిశీలింతము.

పురుషుని లైంగిక సామర్థ్యము చాలవరకు రక్తప్రసరణముపై ఆధారపడియున్నది. కోరిక కలిగినప్పుడు నరములును, రక్తనాళముల లోపలి పొరయు నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువును విడుదల చేయును. దానిచే నాళముల కండరములు సడలి, రక్తము అంగములోనికి ప్రవహించి నిలుచును. రక్తనాళములలో ఈ వాయువు చేయు పనిని కనుగొన్నందులకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు 1998లో నోబెల్ బహుమతి నందిరి.

అంగమునకు రక్తమును కొనిపోవు ధమనుల వెడల్పు సుమారు 1 నుండి 2 మిల్లీమీటర్లు; గుండె ధమనుల వెడల్పు 3 నుండి 4 మిల్లీమీటర్లు. పొగాకు, మధుమేహము, రక్తపుపోటు నాళములను చెరచునప్పుడు సన్నని నాళమే ముందుగా దెబ్బతినును. కావున అంగస్తంభన లోపము గుండెజబ్బునకు కొన్ని సంవత్సరముల ముందే వచ్చు హెచ్చరిక కావచ్చును. దానిని అవమానముగా దాచుకొని, గోడమీది ప్రకటనలు చూచి రహస్యముగా మందులు మ్రింగుట ప్రమాదకరము. వైద్యునికి చెప్పుకొనుటయే వివేకము.

ఇక బరువుల విషయము. పనిచేయు కండరము రక్తములోని చక్కెరను గ్రహించును. క్రమముగా సాధన చేసినచో రక్తపుపోటు కొంత తగ్గును, పొట్టలోని క్రొవ్వు కరగును, నాళములకు మేలు కలుగును. టెస్టోస్టిరాన్ మాత్రము కొంతసేపు పెరిగి మరల యథాస్థితికి వచ్చును. అంగస్తంభన లోపము విషయమున చురుకైన నడక, పరుగు వంటివాటికే ఎక్కువ నిదర్శనములు గలవు. బరువులు వాటికి తోడు.

మరి మార్కెట్టులో బస్తాలు మోయు హమాలీకి, భూపాలపల్లి బొగ్గుగని కార్మికునికి ఈ మేలు కలుగదా? బరువు మోయుట వేరు, బరువుతో సాధన చేయుట వేరు. సాధనలో శ్రమ వెంట విశ్రాంతి యుండును. కూలిలో అది లేదు. కావున వారికి ముందు కావలసినది మరింత బరువు కాదు, తగిన నిద్ర, ఆహారము, వైద్యపరీక్ష.

రెండు జాగ్రత్తలు ముఖ్యము. మొదటిది శ్వాస. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి నాయుడు శ్వాసను బంధించి చేసిన అద్భుతములను ఆంధ్రులు నేటికిని చెప్పుకొందురు. కాని ఊపిరి బిగబట్టి మిక్కిలి బరువును కాళ్లతో నెట్టువారి ధమనులలో రక్తపుపోటు సగటున 320/250కి చేరినట్లు 1985లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో తేలినది. కావున బరువు నెత్తునపుడు ఊపిరి విడువవలెను, దించునపుడు పీల్చవలెను.

రెండవది స్టిరాయిడ్ సూదులు. పురుష హార్మోను బయటినుండి వచ్చుచున్నదని మెదడు గ్రహించి, వృషణములకు పంపు ఆజ్ఞలను నిలిపివేయును. అవి కుంచించుకొనిపోవును; వీర్యకణములు తగ్గును, ఒక్కొక్కప్పుడు పూర్తిగా లేకుండపోవును. సూదులు మానిన పిదప కోలుకొనుటకు నెలలు, కొందరికి సంవత్సరములు పట్టును. పురుషత్వము తరుగుననుమాట ఇచ్చట నిజమగుచున్నది. అయితే దోషము బరువులది కాదు, సూదులది.

వారమునకు కనీసము రెండు దినములు కండరములకు బలమిచ్చు వ్యాయామము, 150 నుండి 300 నిమిషముల మితమైన శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. ఇందులకు ఖరీదైన యంత్రములు అక్కరలేదు. దండీలు, బస్కీలు, ఇసుక నింపిన సంచి చాలును. గుండెజబ్బు, అధిక రక్తపుపోటు గలవారు వైద్యుని సలహా పొందియే ప్రారంభింపవలెను.

విద్యార్థి సోదరులారా! బలము సీసాలలో దొరకునది కాదు. ఓర్పుతో నేర్చుకొనవలసిన విద్య. తాలీం అను మాటకు అర్థమదియే కదా!