బరువు దింపు వయస్సు

పాఠభాగము: సంఖ్యాకాండము 8:23-26

పని చాలించుటకు తగిన వయస్సు ఏది? మన ప్రభుత్వమువారి లెక్క నిలుకడగా లేదు. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వము ఉద్యోగుల పదవీ విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించగా వేలమంది ఒక్కమారుగా ఇంటికి వెళ్లిరి. 1984లో మరల 58 ఆయెను. 2014లో 60, 2022లో 62. మొదట నిరుద్యోగ యువకుల కొరకనిరి. చివర పెద్దల అనుభవము కావలెననిరి. రెండు మాటలును కొట్టివేయదగినవి కావు. అయితే ఈ నలువది యేండ్లలో మనుష్యుని నడుము మాత్రము మారలేదు.

లేవీయుల సంగతి చూతము. ప్రత్యక్షపు గుడారపు సామగ్రిని ఎడారిలో మోసినవారు వీరే. ఏబది యేండ్లు నిండినవాడు ఆ పని మానవలెను. కాని వాడు గుడారము విడిచి పోనక్కరలేదు. తన సహోదరులతోకూడ కావలి కాయవచ్చును. దింపినది బరువే గాని స్థానము కాదు. దావీదు దినములలో మందసము యెరూషలేములో నిలిచి మోత తీరిపోగా, సేవలో చేరు వయస్సును ఇరువదికి మార్చిరి (1 దినవృత్తాంతములు 23). పనినిబట్టి వయస్సు గాని, వయస్సునుబట్టి పని కాదని మేము గ్రహించుచున్నాము.

గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు మోయు హమాలీకి 62 అని ఎవరు చెప్పగలరు? వాని భుజము అంతకు చాలముందే జవాబు చెప్పును. పత్తి తీయు తల్లికి, మిరపకోతకు వంగు తల్లికి విరమణ ఉత్తరువు ఏదియు రాదు. అరువది నిండిన బీదలకు మన రాష్ట్రములో 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయల పింఛను ఇచ్చుచున్నారు. అది అందుకొనియు, ఆ మధ్యాహ్నమే ఎండలో కోతకు పోవు అవ్వలు మన సంఘములలోనే కలరు. కొందరిని అప్పు పంపుచున్నది. కొందరిని ఇంట ఊరక కూర్చుంటినన్న సిగ్గు పంపుచున్నది. సిగ్గుతో పోవువారి విషయమై కుమారులును కోడండ్రును ఆలోచింపవలెను. ఆ తల్లి కల్లములో నీడను కూర్చుండి తాలుకాయలు ఏరవచ్చును. కూలి తగ్గినను ఆమె పనిలో ఉన్నట్టే.

ఈ మాట క్రిస్మసుకు పిల్లలు ఇల్లు చేరినప్పుడే తేల్చుకొనుడి. కోతలు ముమ్మరమైన తరువాత మేస్త్రి పిలుపే గాని ఇంట ఎవరి మాటయు చెల్లదు.