పాడైన ప్యాడ్ చూసి కారణం చెప్పగలరా?

కార్ డీటైలింగ్ స్టూడియోకు మనుషుల్ని ఎంపిక చేసే పని నాకు అప్పగిస్తే సర్టిఫికెట్ల ఫైలు తర్వాత చూస్తాను. ముందు బల్ల మీద నాలుగు పనికిరాని పాలిషింగ్ ప్యాడ్లు పెడతాను. ఒకటి నడిమధ్య కుంగిపోయినది, ఒకటి అంచు చిరిగినది, ఒకటి వెనక వెల్క్రో ఊడి వేలాడుతున్నది, ఇంకోటి అప్పడంలా బిగిసిపోయినది. 'తమ్ముడూ, వీటిని ఎవరో పాడుచేశారు. ఎలా చేసుంటారో చెప్పు' అంటాను. జవాబు చెప్పినవాడికి ఆ రోజే మెషిన్ చేతికివ్వచ్చు. 'నాసిరకం ప్యాడ్లు సార్' అని తేల్చేసినవాడు ఇంకొన్నాళ్లు షాంపూ బకెట్ దగ్గరే ఉండాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే ప్యాడ్‌ను పాడుచేసేవీ, పెయింట్‌ను పాడుచేసేవీ ఒకటే: వేడి, అతి ఒత్తిడి, ఎండిన కాంపౌండ్ (పెయింట్‌ను సన్నగా అరగదీసే పేస్టు), వంకరగా పట్టిన మెషిన్. ప్యాడ్ పోతే నష్టం కొన్ని వందల రూపాయలు. అదే తప్పు ఇంకొంచెం సాగితే బానెట్ మీద క్లియర్ కోట్ పోతుంది. కంపెనీ నుంచి వచ్చిన కారుకు ప్రైమర్, రంగు, క్లియర్ కోట్ అన్నీ కలిపినా మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. మెరుపునిచ్చే పై పొర, అంటే క్లియర్ కోట్, అందులో సుమారు 35 నుంచి 50 మైక్రాన్లే. కాంపౌండ్ వేసిన ప్రతిసారీ అందులోంచే కొంత తీస్తాం. అది అరిగిపోయాక మళ్లీ పెయింట్ వేయించడం తప్ప దారి లేదు. ఆ బిల్లు ఎవరి నెత్తిన పడుతుందో చెప్పనక్కర్లేదు.

ఉద్యోగాలు ఎక్కడున్నాయి

ఆటోనగర్లలో 'రబ్బింగ్ పాలిష్' అంటే ఒకప్పుడు పెయింటింగ్ మేస్త్రీ దగ్గర హెల్పర్ కుర్రాడి పని. పెయింట్ ఆరాక వాటర్ పేపర్ కొట్టి, ఉన్ని ప్యాడ్ బిగించి, మెరుపు తెచ్చి ఇచ్చేవాడు. ఆ పని ఇప్పటికీ ఉంది. దానికి తోడు సిరామిక్ కోటింగ్, పీపీఎఫ్ (పెయింట్ మీద అతికించే రక్షణ ఫిల్మ్) వచ్చాయి. ఈ రెండింటికీ ముందు పెయింట్‌ను మెషిన్‌తో సరిచేయాలి, లేకపోతే గీతలు కోటింగ్ కింద అలాగే ఉండిపోతాయి. షోరూముల్లో డెలివరీకి ముందు, బాడీషాపుల్లో యాక్సిడెంట్ రిపేరు తర్వాత, సెకండ్ హ్యాండ్ కార్ల వ్యాపారుల దగ్గర బండిని అమ్మకానికి పెట్టేముందు పాలిషర్ అవసరం పడుతుంది. కార్ల ఫ్యాక్టరీల పెయింట్ షాపుల్లోనూ చివరి దశ ఇదే. పెయింట్‌లో ఇరుక్కున్న దుమ్ము నలుసును సన్నటి పేపర్‌తో తీసి, చిన్న ప్యాడ్‌తో ఆ ఒక్కచోటే మెరుగు పెడతారు. పెనుకొండ దగ్గర కియా, శ్రీసిటీలో ఇసుజు ప్లాంట్లు ఉన్నాయి కాబట్టి ఈ తరహా పనికి ఆంధ్రప్రదేశ్ వాళ్లు రాష్ట్రం దాటే అవసరం కూడా లేదు.

మెషిన్ తీరు తెలిస్తేనే ప్యాడ్ తీరు తెలుస్తుంది

రెండు రకాల మెషిన్లు ముఖ్యం. రోటరీ ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. 7 అంగుళాల ప్యాడ్ బిగించి 1,800 ఆర్‌పీఎం మీద నడిపితే దాని అంచు సెకనుకు దాదాపు 17 మీటర్లు, అంటే గంటకు 60 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. ఆ వేగంలో డిక్కీ మీది లోగోకో, నంబర్ ప్లేట్ మూలకో తగిలితే ఫోమ్ ముక్క లేచిపోవడం ఖాయం.

రెండోది డీఏ, అంటే డ్యూయల్ యాక్షన్. ప్యాడ్ తిరుగుతూనే చిన్న వలయంలో ఊగుతుంది. ఈ ఊపు మెషిన్‌ను బట్టి 8, 15, 21 మిల్లీమీటర్లు ఉంటుంది. పెద్ద ఊపు మెషిన్లకు ఇటలీ కంపెనీ రూపెస్ పేరు తెచ్చుకుంది. కొత్తవాళ్లకు డీఏ చేతికివ్వడం మంచిదే. ఎక్కువ నొక్కితే ప్యాడ్ తిరగడం ఆగుతుంది కాబట్టి పెయింట్ చాలావరకు గండం గట్టెక్కుతుంది. ప్యాడ్ మాత్రం గట్టెక్కదు. తిరుగుడు ఆగినా ఊపు ఆగదు, ఫోమ్ ఒకేచోట నలుగుతూ లోలోపల కాగిపోతుంది. పైకి మెషిన్ నడుస్తున్నట్టే శబ్దం వస్తుంది, పని జరగదు, ప్యాడ్ చస్తుంది. అందుకే అనుభవజ్ఞులు ప్యాడ్‌ను పట్టి ఉంచే బ్యాకింగ్ ప్లేట్ అంచు మీద మార్కర్‌తో ఒక గీత గీసుకుంటారు. ఆ గీత తిరుగుతూ కనిపించినంతసేపూ ఒత్తిడి సరిపోయినట్టే. ఆగిందంటే చెయ్యి తేలిక చేయాలి.

బల్ల మీది నాలుగు ప్యాడ్లు

నడిమధ్య కుంగిన ప్యాడ్ వేడికి బలైంది. ఫోమ్ ప్యాడ్ పాలీయురేథేన్‌తో చేస్తారు. అది వేడిని త్వరగా బయటికి వదలదు. అంచులకు కాస్త గాలి తగులుతుంది. మెషిన్ బరువు, చేతి బరువు పడే మధ్యభాగానికి ఆ అవకాశం లేదు. చాలా కంపెనీలు ప్యాడ్ మధ్యలో రంధ్రం పెట్టేది ఇందుకే. వేడి ముదిరితే ఫోమ్ గుణం మారిపోయి మళ్లీ పైకి లేవదు. కారణాలు వెతికితే సాధారణంగా మూడు దొరుకుతాయి. గట్టిగా నొక్కడం ఒకటి. స్పీడు డయల్‌ను ఎప్పుడూ 6 మీదే పెట్టడం ఇంకోటి. డీఏలో చాలా పనులకు 4, 5 చాలు. మూడోది, నా ఉద్దేశంలో అన్నిటికన్నా పెద్దది, కారంతా ఒకే ప్యాడ్‌తో కానిచ్చేయాలనుకోవడం. గీతలు తీసే కటింగ్ పనిలో రెండు మూడు ప్యానెళ్లకు ఒకసారి ప్యాడ్ మార్చి, వాడినదాన్ని చల్లారనివ్వాలి. చేతిలో ఒకటే ప్యాడ్ ఉందంటే పని మొదలుపెట్టకపోవడమే మేలు.

వేడిని చూడడానికి మీటర్ అక్కర్లేదు. ఒక చోటు పూర్తవగానే మెషిన్ ఆపి ప్యాడ్ ముఖానికి చేతి వెనుకభాగం ఆనించండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత ఉంటే ఆపాల్సిందే. 3 అంగుళాల చిన్న ప్యాడ్లు ఇంకా త్వరగా వేడెక్కుతాయి. బంపర్ లాంటి ప్లాస్టిక్ భాగాల మీద మరింత జాగ్రత్త కావాలి. ఇనుప రేకు వేడిని లాక్కుని పంచేస్తుంది, ప్లాస్టిక్ ఆ పని చేయదు. ఇక మన ఎండాకాలం సంగతి తెలిసిందే. మే నెలలో రోడ్డు మీంచి వచ్చిన కారును నీడలో పెట్టి, బానెట్ పూర్తిగా చల్లారాకే మెషిన్ ముట్టుకోవాలి. కాలే రేకు మీద కాంపౌండ్ నిమిషంలో ఎండి ప్యాడ్‌ను పట్టుకుని లాగుతుంది.

అంచు చిరిగిన ప్యాడ్ దగ్గర ముందు బ్యాకింగ్ ప్లేట్ కొలత అడగాలి. ప్లేట్ ప్యాడ్ కన్నా కొంచెం చిన్నదిగా ఉండాలి, 6 అంగుళాల ప్యాడ్‌కు 5 అంగుళాల ప్లేట్‌లా. రెండూ సమానమైతే అంచున మెత్తదనం ఉండదు, ప్లేట్ నేరుగా పెయింట్‌కు తగిలే ప్రమాదం కూడా ఉంది. ప్లేట్ మరీ చిన్నదైతే ప్యాడ్ అంచు ఆధారం లేక కొట్టుకుంటుంది. కొలత సరిగ్గా ఉందంటే తప్పు చేతిది. మెషిన్‌ను ఒరగబెట్టి అంచుతో గీత మీద రుద్దడం కొత్తవాళ్లందరికీ వచ్చే మొదటి దురలవాటు. ప్యాడ్ బల్లపరుపుగా ఆనాలి. డోర్ హ్యాండిల్, వైపర్ నాజిల్, రూఫ్ యాంటెన్నా, రబ్బరు బీడింగ్, లోగోలు అన్నిటికీ ముందే మాస్కింగ్ టేప్ వేయాలి. పదునైన బాడీ లైన్ మీదుగా ప్యాడ్ పోనివ్వకుండా ఇటు ఇంతవరకు, అటు అంతవరకు చేసి ఆపాలి. అక్కడ క్లియర్ కోట్ పల్చగానూ ఉంటుంది, ఫోమ్ కూడా తెగుతుంది. రోటరీ వాడేటప్పుడు ప్యానెల్ అంచు దగ్గర ప్యాడ్ లోపలి నుంచి బయటికి తిరుగుతూ జారిపోయేలా పట్టుకోవాలి. అంచుకు ఎదురు తిరిగితే కొరికేసినట్టు పట్టేసుకుంటుంది.

వెల్క్రో ఊడిన ప్యాడ్ విషయంలో దుకాణదారుణ్ణి తిట్టడం మామూలే. ఒక్కోసారి న్యాయమే కూడా. చాలాసార్లు మాత్రం అసలు కారణం మనమే. ఫోమ్‌కూ వెల్క్రోకూ మధ్య జిగురు పొర ఉంటుంది. వేడికి అది మెత్తబడుతుంది. ఆ వేడి మీదే ఫోమ్ పట్టుకుని ఒక్క గుంజు గుంజితే ఫోమ్ చేతికొస్తుంది, వెల్క్రో ప్లేట్ మీదే ఉంటుంది. కాసేపు చల్లారనిచ్చి, వేళ్లు వెల్క్రో పొర కిందికి పోనిచ్చి, అంచు నుంచి నెమ్మదిగా ఒలవాలి. బిగించేటప్పుడు ప్యాడ్ నడిమధ్య ఉందో లేదో చూడాలి. ఒక పక్కకు జరిగితే మెషిన్ వణుకుతుంది, జిగురు ఒకవైపే లాగుడుకు గురవుతుంది. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. బ్యాకింగ్ ప్లేట్ మీది సన్నటి ప్లాస్టిక్ కొక్కేలు కూడా వేడికి కరిగి తలలు వాలుస్తాయి. అప్పుడు కొత్త ప్యాడ్ పెట్టినా నిలవదు, ఎగిరిపోతుంది. ప్లేట్ మీద వేలు రాసి చూడండి. గరగరలాడకుండా నున్నగా జారితే మార్చాల్సింది ప్లేట్‌ను. పని అయ్యాక మెషిన్‌ను ప్యాడ్ మీదే నిలబెట్టి భోజనానికి వెళ్లడమూ మంచిది కాదు. వేడి ఫోమ్ ఆ బరువుకు అణిగి అలాగే ఉండిపోతుంది.

బిగిసిపోయిన ప్యాడ్ కథ చిన్నది. కాంపౌండ్ ఎక్కువైంది, శుభ్రం చేయడం తక్కువైంది. పని మొదలుపెట్టేముందు ప్యాడ్ ముఖమంతా పల్చగా కాంపౌండ్ పట్టించాలి, పొడి ఫోమ్‌తో మొదలుపెడితే అది పెయింట్‌ను పట్టి లాగుతుంది. ఆ తర్వాత రెండడుగుల చదరానికి బఠాణీ గింజంత చుక్కలు మూడో నాలుగో చాలు. ప్రతి చదరం అయ్యాక ఫోమ్‌ను మెత్తటి నైలాన్ బ్రష్‌తోనో గాలితోనో దులపాలి. మైక్రోఫైబర్ ప్యాడ్‌కు గాలి బాగా పనిచేస్తుంది. ఉన్ని ప్యాడ్‌కైతే పళ్ల చక్రం ఉంటుంది. దాన్ని ఫోమ్‌కు తాకిస్తే ముక్కలు ముక్కలే. స్క్రూడ్రైవర్‌తో ఫోమ్‌ను గీకేవాళ్లను కూడా చూస్తుంటాం.

కడగడం దగ్గర ఒక్క మాట. గోరువెచ్చని నీళ్లు, ప్యాడ్ క్లీనర్ చాలు. వేడినీళ్లు, రాత్రంతా నానబెట్టడం రెండూ జిగురును వదిలిస్తాయి. మెలితిప్పి పిండకుండా అరచేతుల మధ్య నొక్కి నీరు తీసి, నీడలో ఫోమ్ కిందికి, వెల్క్రో పైకి ఉండేలా జాలీ మీద ఆరబెట్టాలి. తడి ప్యాడ్లను డబ్బాలో మూతపెట్టి ఉంచితే బూజు పడుతుంది.

దీన్ని ఉద్యోగంగా మార్చుకోవడం

లెక్క చూడండి. ప్యాడ్ ధర 900 రూపాయలు అనుకుందాం. మూడు కార్లకే పోతే కారుకు 300 ఖర్చు. పదిహేను కార్లు వస్తే 60. కటింగ్‌కూ ఫినిషింగ్‌కూ కలిపి ఒక్కో కారుకు ఆరేడు ప్యాడ్లు వాడే చోట ఈ తేడా ఎంతవుతుందో యజమానికి బాగా తెలుసు. ఇంటర్వ్యూలో 'సిరామిక్ కోటింగ్ కోర్సు చేశాను' కన్నా ఈ లెక్క చెప్పగలగడం ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం. రెండు మూడు రోజుల కోర్సుల మీద నాకు పెద్దగా గురి లేదు. చూడడానికి బాగుంటాయి, చేతికి పని రాదు.

గట్టి పునాది కావాలంటే ఐటీఐలో మెకానిక్ ఆటో బాడీ పెయింటింగ్ ట్రేడ్ ఉంది. అందులో పెయింట్ పొరలు, పేపర్ నంబర్లు అర్థమవుతాయి. ఆటోమోటివ్ స్కిల్స్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న శిక్షణ కేంద్రాల వివరాలు కూడా చూడండి. పోటీలంటే ఇష్టమున్నవారికి వరల్డ్ స్కిల్స్‌లో కార్ పెయింటింగ్ ఒక విభాగం, దానికి మన దేశం నుంచి వెళ్లే దారి ఇండియా స్కిల్స్. అమెరికా కేంద్రంగా ఉన్న ఇంటర్నేషనల్ డీటైలింగ్ అసోసియేషన్ రాత పరీక్షతో 'సర్టిఫైడ్ డీటైలర్', చేతిపని పరీక్షతో 'స్కిల్స్ వాలిడేటెడ్' గుర్తింపులు ఇస్తుంది. మొదటి ఏడాదే దానికి డబ్బు పెట్టనక్కర్లేదు.

ముందు చేయాల్సింది ఆటోనగర్‌లో పాత సామాన్ల దుకాణం నుంచి ఒక బానెట్ కొనుక్కోవడం. నల్లదైతే మంచిది, తప్పులన్నీ కనిపిస్తాయి. సగానికి టేపు వేసి, ఒకవైపు కావాలనే ఎక్కువ ఒత్తిడితో, ఇంకోవైపు తేలికగా చేసి, ఎల్‌ఈడీ లైటు కింద రెండూ పోల్చండి, ప్యాడ్ వేడిని కూడా. వాడిన ప్రతి ప్యాడ్ వెనక తేదీ, ఎన్ని ప్యానెళ్లు, ఏ స్పీడో మార్కర్‌తో రాయండి. ఇంటర్వ్యూకు ఆ ప్యాడ్లే పట్టుకెళ్లండి. మాస్కు, ఇయర్ ప్లగ్‌లు మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

గల్ఫ్ దేశాల్లో డీటైలింగ్ పనికి వెళ్లాలనుకునేవారు ఇక్కడ ఒకటి రెండేళ్లు చేతిపని గట్టిపడ్డాకే ఆలోచించాలి. విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలు తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్. ప్రైవేటు ఏజెంటైతే కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని రిజిస్ట్రేషన్ చూసుకోవాలి. చట్టప్రకారం ఏజెంటు తీసుకోదగిన సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షల్లో అడిగితే అక్కడికక్కడే లేచి వచ్చేయండి.

సొంతంగా పెట్టుకునేవారికి ముద్ర రుణాలున్నాయి. శిశు విభాగంలో 50,000, కిశోర్‌లో 5 లక్షల దాకా ఇస్తారు. మొదటి కొనుగోళ్లలో మెషిన్ మీద కాస్త తగ్గినా ప్యాడ్ల సంఖ్య మీద తగ్గకండి.

ఉద్యోగంలో చేరేవారు జీతంతోపాటు అడగాల్సిన ఇంకో ప్రశ్న ఉంది: ప్యాడ్లు ఎవరు కొంటారు, పాడైతే ఎవరి ఖాతాలో రాస్తారు? చిరిగిన ప్యాడ్ ఖరీదు కుర్రాళ్ల జీతంలో కోసే చోట్లు ఉన్నాయి. అలాంటి చోట చేరక తప్పకపోతే, మీకిచ్చిన ప్యాడ్లను, బ్యాకింగ్ ప్లేట్‌ను మొదటి రోజే ఫొటో తీసి, ఏ స్థితిలో అందుకున్నారో మేనేజర్‌కు వాట్సాప్‌లో పంపి పెట్టుకోండి.