గొలుసు చప్పుడు విననీయకు

చి. బిడ్డకు,



మీ ధారావి తేరా కంపౌండ్‌లో ఏదో భంగార్ గోడౌన్ ముందు కట్టేసి ఉండే కుక్కను ఇంటికి తెచ్చుకుంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పది బై పది ఖోలీలో అది ఎక్కడ పడుకుంటుందని ఆమె బాధ. నువ్వు దాన్ని వచ్చిన రోజు నుంచే ఒళ్ళో పెట్టుకుంటావేమోనని నా బాధ.

నవ్వకు. ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్న కుక్క మనిషి చేతిని చూస్తే ముందు తప్పించుకోవాలనే చూస్తుంది. నిమరడానికైనా సరే, తల మీదికి చెయ్యి పోయిందంటే వంగిపోతుంది, లేదా పళ్ళు చూపిస్తుంది. అందుకని మొదట్లో దాన్ని ముట్టనే ముట్టకు. మంచం కింద గోడ వైపు ఒక పాత గోనె పరిచి అక్కడే వదిలెయ్. ఆ మూలలోకి నువ్వుగానీ పక్కింటి పోరలుగానీ తల దూర్చొద్దు. పొద్దున ఒకే వేళకు బువ్వ, రాత్రి ఒకే వేళకు బువ్వ, ఒకే గిన్నె, ఒకే చోటు. గిన్నె పెట్టి పక్కకు జరుగు. రేపు ఏం జరుగుతుందో ఇవాళే దానికి తెలిసిపోవాలి. భయం తగ్గడానికి ఇంతకు మించిన మందు నాకు కనపడలేదు.

కుక్కలను కాపాడేవాళ్ళు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెప్తారు. మూడు రోజులు బెదురు, మూడు వారాలకు అలవాటు, మూడు నెలలకు ఇల్లు తనదని నమ్మకం. మంచి లెక్కే. కానీ గొలుసుకు పెరిగిన కుక్క ఆ లెక్కకు లొంగదు. ఏడాది పట్టినా పట్టొచ్చు.

గొలుసంటే గుర్తొచ్చింది. దాని మెడ మీద వెంట్రుక ఊడిన చారలు ఉంటాయి చూడు. మెడకు ఏదీ కట్టకు. ఛాతీ చుట్టూ వచ్చే గుడ్డ పట్టీ, హార్నెస్ అంటారు, అది కొను. ఇనుప గొలుసు ఇంట్లోకే రానీయకు, ఆ చప్పుడు వింటే చాలు దానికి గోడౌన్ గుర్తొస్తుంది. బయటికి తీసుకుపోవడానికి నీళ్ళు రాకముందు వేళ మంచిది. నల్లా వచ్చిందంటే మీ గల్లీలో డ్రమ్ముల మోత, బిందెల కొట్లాట. అంత ఇరుకులో భయపడ్డ కుక్కకు పారిపోయే దారి ఉండదు. దారి లేని కుక్కే కరుస్తుంది.

ఇది గట్టిగా గుర్తుపెట్టుకో: అది గుర్రుమంటే కొట్టకు, అరవకు. గుర్రుమనడం అంటే దగ్గరికి రావద్దని చెప్పడం. ఆ మాట నోట్లోనే నొక్కేస్తే ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. గుర్రుమనడానికి ముందు కూడా చెప్తుంది: ఆకలి లేకుండా మూతి నాక్కుంటుంది, నిద్ర రాకుండా ఆవులిస్తుంది, మొహం పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డుతో చూస్తుంది. అప్పుడే నువ్వు వెనక్కి జరగాలి.

అయినా పన్ను దిగిందనుకో, మన ఊరి పెద్దమ్మలు చెప్పినట్టు కారం, సున్నం పెట్టకు. సబ్బుతో, పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, సీదా సయన్ ఆసుపత్రికి పో. గీత పడ్డా పోవాలి. సూదుల కోర్సు మధ్యలో మానొద్దు. రేబిస్ వచ్చాక మందు లేదు, రాకముందే ఉంది. కుక్కకు కూడా ఏటా రేబిస్ టీకా, దానితోపాటు లెప్టో, అదే ఎలుకల జ్వరం, దానికి మందు కలిసిన టీకా వేయించు. మీ గల్లీలోకి వానాకాలం నీళ్ళొస్తాయి, ఎలుకలు సరేసరి. 2005 జూలై వరద తర్వాత బొంబాయిలో లెప్టోతో ఎంతమంది మంచాన పడ్డారో మీ నాన్నను అడుగు.

డాక్టరు కోసం పరేల్ జంతువుల ఆసుపత్రికి పో. నేను మిల్లుకు పోయే రోజుల్లో ఆ గేటు ముందు నుంచే నడిచేవాణ్ణి. సర్ దిన్‌షా పెటిట్ అనే పార్సీ మిల్లు యజమాని తన భార్య సకర్‌బాయి పేరు మీద 1883లో పెట్టించిన ఆసుపత్రి అది. పార్సీలకు కుక్క పవిత్రం. 1832లో కంపెనీ సర్కారు వీధి కుక్కను చంపితే ఇంత అని ఇనాం పెడితే, డబ్బు ఆశకు ఇళ్ళలోని కుక్కలను కూడా పట్టుకుపోయారట. పార్సీలు దుకాణాలు మూసి రోడ్డెక్కారు, సైన్యాన్ని పిలిపించాల్సి వచ్చింది. మనవాళ్ళు కామాఠీలుగా, అంటే కూలీలుగా వచ్చి ఈ ఊరిని కడుతున్న కాలం అది. కుక్క కోసం ఈ ఊరు ఆగిపోయిన చరిత్ర ఉంది, నిన్ను చూసి నవ్వేవాళ్ళకు చెప్పు.

దీపావళి, గణపతి నిమజ్జనం రోజుల్లో దాన్ని బయటికి తీయకు. తలుపు వేసి, ఫ్యాను పెట్టి, టీవీ కాస్త గట్టిగా పెట్టు. అది వణుకుతుంటే పక్కన కూర్చో, చాలు.

ఇగ అసలు సంగతి. ధారావి పడగొట్టి బిల్డింగులు కడతామంటున్నారు. చాళ్ళు ఖాళీ అయినప్పుడల్లా మనుషులు సామాను సర్దుకుని పోవడం, కుక్కలు ఆ రాళ్ళ మధ్యనే మిగలడం నేను చూశాను. పైఅంతస్తులో ఇల్లు ఇచ్చినా, లిఫ్టులో రానీయమని సొసైటీ వాళ్ళు అడ్డుపడ్డా దాన్ని తీసుకుపోతావా? పెంపుడు కుక్కలను సొసైటీలు నిషేధించడానికి వీల్లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. ఆ మాట పట్టుకుని కొట్లాడే ఓపిక ఉందా? ఉంటేనే తెచ్చుకో. లేదంటే గల్లీలోనే ఉంచి, టీకాలు వేయించి, రోజూ బువ్వ పెట్టు. అదీ చిన్న పనేం కాదు. కానీ ఇంట్లోకి తెచ్చి మళ్ళీ వీధిలో వదిలితే మాత్రం నేను ఒప్పుకోను.

తెచ్చుకుంటే బీఎంసీ లైసెన్సు చేయించు. టీకా కార్డు రేషన్ కార్డు పెట్టే సంచిలోనే పెట్టు.

నేను ఇప్పుడే రాను. కొత్త మనుషులు ఒకరి వెనక ఒకరు వస్తే అది ఇంకా బెదురుతుంది. దసరా తర్వాత వస్తా. వచ్చినప్పుడు "పెద్దబాపు వచ్చిండు చూడు" అని మంచం కిందినుంచి లాగకు. నేను గడప దగ్గరే కూర్చుంటా, చాయ్ అక్కడికే తీసుకురా.

నీ పెద్దబాపు