వాము గింజలయందలి తైలము: దానిని కాపాడు విధము

వాము గింజను నలిపినప్పుడు పుట్టు ఘాటునకు అందలి తైలమే కారణము. నూరు పాళ్ళ గింజలనుండి సామాన్యముగా 2 మొదలు 4 పాళ్ళ తైలము దిగును. ఇందు ముఖ్యమగు పదార్థము థైమాల్. తైలమును చల్లార్చిన నిది తెల్లని పలుకులుగా పేరుకొనును, దీనినే వాముపువ్వందురు. ఇది సూక్ష్మజీవుల పైపొరను చెరచుటచే బూజును, కుళ్ళును గలిగించు జీవులు నశించును. 1914 సంవత్సరపు యుద్ధమునకు పూర్వము థైమాల్ తీయుటకై హిందూదేశపు వాము జర్మనీకి ఎగుమతి యగుచుండెను.

కావున గింజకు విలువ తెచ్చునది తైలమే. అది గాలికి ఆవిరియై పోవు స్వభావము గలది. రైతులు గుత్తులు గోధుమవన్నెకు తిరిగినంతనే పైరు కోసి, నీడను ఆరబెట్టి, గింజ నలుగకుండ నూర్చవలెను. పిమ్మట తేమలేని పాత్రలలో నుంచి మూత బిగింపవలెను.

బట్టీపట్టి తైలము తీసిన గింజ చూపునకు మంచి గింజవలె నుండవచ్చును. కాని ఉడికినదగుటచే మొలకెత్తదు. విత్తనము కొనునప్పుడు కొన్ని గింజలను నలిపి ఘాటు చూడవలెను. మరికొన్నిటిని తడిగుడ్డలో మూటగట్టి, మొలక చూచిన పిదపనే విత్తవలెను. లేనియెడల దుక్కియు, అదనును వ్యర్థమగును.

వాముపువ్వు చర్మమును మండించును. వైద్యుని అనుజ్ఞ లేక లోనికి పుచ్చుకొనరాదు.